కనుమ సాయంత్రం పాత తారలు: గెటప్ షో వేసే పద్ధతి

కనుమ నాడు కాకైనా కదలదంటారు. పాత నటుల గెటప్‌లతో వేదిక మీద పండగ షో వేయాలనుకునే కాలనీ సంఘానికైనా, కళాసమితికైనా ఆ సామెతే ముహూర్తం పెట్టేసింది. భోగి నాడు తెల్లవారుజామునే లేచిన ఇల్లు రాత్రి తొమ్మిదికే నిద్రకు వాలుతుంది. సంక్రాంతి రోజు పెద్దలకు పెట్టుకోవడం, కొత్త అల్లుళ్ల మర్యాదలతో గడిచిపోతుంది. కనుమ సాయంత్రానికి వంటిల్లు సర్దుకుంటుంది, హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు ఇంకా ఊళ్లోనే ఉంటారు. తాతయ్య, నాన్న, మనవడు ఒకే వరసలో కూర్చునే సాయంత్రం ఏడాదికి ఇదొక్కటే. ఈ షో ఆ ముగ్గురికీ నచ్చాలి. ముక్కనుమ నాటికి బస్టాండ్లు నిండిపోతాయి, అప్పుడు వేస్తే సగం కుర్చీలు ఖాళీ.

ముందే ఒక మాట తెలుసుకుని దిగండి. చూసేవాళ్లు వెతికే పోలిక ముఖంలో ఉండదు, నడకలోనూ మాట విరుపులోనూ ఉంటుంది. ముక్కూ కళ్లూ అచ్చం ఎన్టీఆర్‌లా ఉన్న మనిషి మామూలుగా నడిచొస్తే జనం చప్పట్లు కొట్టి పది సెకన్లలో చల్లబడతారు. పోలిక అంతంత మాత్రమే ఉన్నా, భుజాలు నిలబెట్టి మొత్తం మొండెంతో పక్కకు తిరిగాడంటే వెనక వరసలో పెద్దాయన లేచి నిలబడతాడు. కాబట్టి డబ్బూ రోజులూ మేకప్ కన్నా ముందు రిహార్సల్‌కు పెట్టాలి.

ఎవరెవరు కావాలి

రెండున్నర గంటల షోకి పన్నెండు మంది చాలు. గెటప్ వేసేవాళ్లు ఏడుగురు, గాయకులు ఇద్దరు (ఒక మగ, ఒక ఆడ గొంతు), మిమిక్రీ కళాకారుడు ఒకరు, వ్యాఖ్యాత ఒకరు, హరిదాసు వేషానికి ఒకరు. ఏడుగురిలో ఒకరు ఎన్టీఆర్, ఒకరు ఏఎన్నార్, భారీ విగ్రహం ఉన్నవారు ఎస్వీ రంగారావు, ఒకరు సూర్యకాంతం, ఒకరు సావిత్రి. మిగిలిన ఇద్దరు రేలంగి, రమణారెడ్డి జంట. ఒకరు బొద్దుగా, ఒకరు సన్నగా ఉంటే ఆ జంట పక్కపక్కన నిలబడగానే సగం నవ్వు వచ్చేస్తుంది.

సూర్యకాంతం పాత్రకు మగవాళ్లను తీసుకోవడానికి సంకోచించకండి. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలతోనే 1956లో పద్మశ్రీ దాకా వెళ్లారు. ఏఎన్నార్ కూడా నాటకాల్లో ఆడవేషాలతోనే మొదలుపెట్టారు. షరతు ఒక్కటే, వెటకారం కోసం వేయకూడదు. చీర కట్టుకుని నెల రోజులు రిహార్సల్ చేసిన మగమనిషి నమ్మిస్తాడు. ఆ రోజే చీర చుట్టుకుని వచ్చినవాడు వేళాకోళంగా మిగులుతాడు.

మన గుంటూరు, విజయవాడ ప్రాంతంలో ఈ కళాకారులను జూనియర్ ఎన్టీఆర్, జూనియర్ ఏఎన్నార్ అని పిలవడం అలవాటు. పోస్టర్ మీద మాత్రం అలా వేయకండి. ఇప్పటి హీరో వస్తున్నాడనుకుని కుర్రాళ్లు గేటు దగ్గర గోల చేస్తారు. ‘ఎన్టీఆర్ గెటప్‌లో ఫలానావారు’ అని కళాకారుడి పేరు, గెటప్‌లో అతని ఫోటో వేయండి. అసలు నటుల ఫోటోలతో ప్రచారం చేస్తే కుటుంబాల నుంచి అభ్యంతరం రావచ్చు. పైగా మీ కళాకారుడికి దక్కాల్సిన పేరు దక్కకుండా పోతుంది.

అనుకరణ పట్టుకునే పద్ధతి

ఆరు వారాలు కావాలి. డిసెంబరు మొదటి వారంలో మొదలుపెడితే ధనుర్మాసం వచ్చేసరికి గొంతు దొరుకుతుంది, పండగకు నడక కుదురుతుంది.

మొదటి రెండు వారాలు బొమ్మ చూడకుండా వినాలి. ఒక్కో నటుడి సంభాషణ రెండు నిమిషాల ముక్క ఎంచుకుని, కళ్లు మూసుకుని రోజుకు పదిసార్లు వినండి. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారు, ఏ అక్షరం మీద బరువు పడుతోంది, వాక్యం చివర పైకి వెళ్తోందా కిందికి దిగుతోందా అన్నవి కాగితం మీద గుర్తు పెట్టుకోండి. చిన్న విరామానికి ఒక గీత, పెద్దదానికి రెండు, ఊపిరికి సున్న. తర్వాత రెండు వారాలు శబ్దం తీసేసి బొమ్మే చూడాలి. చెయ్యి ముందు కదులుతుందా, మాట ముందు వస్తుందా? తల ఎటు వంగుతుంది? ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు ఏం చేస్తారు? ఈ ఆఖరి ప్రశ్న ఎవరూ పట్టించుకోరు, కానీ వేదిక మీద సగం సమయం పోయేది అక్కడే. ఐదో వారంలో రెండూ కలపాలి. ఆరో వారం దుస్తులతో, చెప్పులతో, మైకుతో.

ఎన్టీఆర్ గెటప్‌కు మొదట తేల్చుకోవాల్సింది ఏ దశాబ్దం అన్నది. 1949లో తెర మీదికి వచ్చిన యువకుడి గొంతు వేరు, డెబ్బైల నాటి గంభీరమైన గొంతు వేరు. రెండూ కలిపేస్తే ఎవరిలానూ ఉండదు. ఒత్తులు పూర్తిగా పలకాలి: ధర్మం, భీముడు, ఘనుడు అన్న మాటల్లో ఒత్తక్షరం ఛాతీలోంచి రావాలి. పౌరాణికానికి మెడ ఒక్కటే తిప్పడం తప్పు, భుజాలూ తిరగాలి. కృష్ణుడి నవ్వు పెదవి ఒక కొస దగ్గరే ఆగిపోవాలి, పళ్లు కనిపించాయంటే కృష్ణుడు వెళ్లిపోయాడు.

ఏఎన్నార్‌కు తేలిక కావాలి. మాట పెదవుల ముందు భాగంలోనే తిరుగుతుంది, తల కొంచెం వాలుతుంది. పాటలో పాదం నేలను కొట్టదు, తాకి లేస్తుంది. లావుగా ఉన్న మనిషి ఈ గెటప్ వేస్తే మోకాళ్లు వంచకుండా నడుస్తాడు, అక్కడే దొరికిపోతాడు. రోజూ అరగంట డాన్స్ స్టెప్పులు వేయించండి.

ఎస్వీఆర్ అనుకరణలో అందరూ చేసే పొరపాటు అరవడం. నూజివీడులో 1918లో పుట్టి 1974లో పోయిన ఆ మహానటుడి బలం అరుపు ముందరి మౌనంలో ఉంది. సగం మాట గొణిగినట్టు, సగం మింగినట్టు, తర్వాత ఉన్నట్టుండి ఒక్క పదం పిడుగు. కింద చిన్న నమూనా ఉంది. ఒక గీత అంటే ఒక సెకను విరామం.

‘వచ్చాడా / అల్లుడు. // (కనుబొమ్మ ఒకటే లేవాలి) రానీ. / పండక్కి వచ్చినవాడు / అరిసెలు తింటాడు / గారెలు తింటాడు // (గొంతు దించి) తిననీ. /// (పిడుగులా) నా పడక్కుర్చీ జోలికి మాత్రం రాకూడదు!’

మూడు గీతల దగ్గర మూడు సెకన్లు నిజంగా ఆగాలి. కొత్తవాళ్లు ఒకటిన్నరకే తెగించి మాట్లాడేస్తారు, చప్పట్లు పోతాయి. రిహార్సల్‌లో పక్కన ఒకరు వేళ్లతో లెక్కపెట్టండి. ఆ పిడుగు మాట, పెద్ద వికటాట్టహాసం రోజుకు మూడుసార్లకు మించి సాధన చేయకండి. గొంతు బొంగురుపోతే తగ్గడానికి వారం పడుతుంది.

సూర్యకాంతమ్మగారికి ఎడమ చెయ్యి. విసురు, దెప్పు, మెటిక విరుపు అన్నీ ఎడమ చేత్తోనే. కుడిచేతి వాటం ఉన్న కళాకారిణి మూడు వారాలు ఇంట్లో ఎడమ చేత్తో చీపురు పట్టి ఊడ్చినా మేలే. ఆవిడ గయ్యాళితనంలో వేగం ఉంటుంది, ద్వేషం ఉండదు. అది తప్పితే జనం నవ్వరు, ముఖం ముడుచుకుంటారు. సావిత్రికి మాట కన్నా ముందు కళ్లు జవాబు చెప్పేయాలి. చూపు దించి, ఆగి, పక్కకు తీసుకెళ్లి అప్పుడు మాట. ఆ గెటప్‌కు అరుపు డైలాగులు, ఆవిడ చివరి రోజుల ప్రస్తావన రెండూ వద్దు. ఆవిడ పుట్టిన చిర్రావూరు ఇక్కడికి ఎంతో దూరం లేదు, జనం ఆవిడను ఇంటి ఆడపడుచులా చూస్తారు.

మిమిక్రీ ఐటెమ్‌కు ఎనిమిది నిమిషాల్లో పది, పన్నెండు గొంతులు వేగంగా మారాలి. వరంగల్ వాసి నేరెళ్ల వేణుమాధవ్ (1932–2018) మిమిక్రీని నలుగురిలో కాలక్షేపం స్థాయి నుంచి వేదిక కళగా నిలబెట్టి 2001లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన దారిలో నడిచేవాళ్లు గొంతుతో పాటు ముఖం కూడా మారుస్తారు. ఆడిషన్‌లో దాన్నే చూడండి. జగ్గయ్య కంచు కంఠం, గుమ్మడి మెత్తని వణుకు తప్పకుండా ఉంచండి. ఇద్దరూ తెనాలి ప్రాంతం వాళ్లు, ఆ పేర్లు వినగానే గుంటూరు జనం ముందుకు వంగి వింటారు.

మాటలు కొత్తవి, పాటలు పాతవి

అందరికీ నోటికి వచ్చిన సినిమా డైలాగులే చెప్పిస్తే ప్రేక్షకుడి మనసులో అసలు గొంతు మోగుతుంది, పోల్చుకుంటాడు, మీ కళాకారుడు ఓడిపోతాడు. పాత నటుణ్ని ఇప్పటి పండగ ఇంట్లోకి తీసుకురండి. వాట్సాప్‌లో సంక్రాంతి శుభాకాంక్షలు పంపే కోడలి మీద సూర్యకాంతం దెప్పులు, టోల్‌గేట్ దగ్గర ఫాస్టాగ్ పనిచేయని రేలంగి, గాలిపటం దారానికి చిక్కుకున్న రమణారెడ్డి. కొత్త మాట అయితే ప్రేక్షకుడు పోల్చడు, ‘ఆయనుంటే ఇలాగే అనేవాడు’ అనుకుంటాడు. స్కిట్ ఒక్కొక్కటి పన్నెండు నిమిషాలు దాటకూడదు.

రాజకీయం అసలు వద్దు. ఎన్టీఆర్ గెటప్ వస్తోందంటే ఎవరో ఒకరు జెండా తెస్తామంటారు. ముందే మర్యాదగా వద్దని చెప్పండి. ఆయన వర్ధంతి జనవరి 18, అక్కినేని వర్ధంతి జనవరి 22, రెండూ పండగ వెనకే వస్తాయి. వ్యాఖ్యాత ఇద్దరినీ ఒకే గౌరవంతో తలవాలి. ఇద్దరికీ పాటలు కూడా సమానంగా ఉండాలి. మూడూ రెండూ అయితే ఇంటర్వెల్‌లోనే పెద్దాయనలు లెక్క అడుగుతారు.

పాటలకు రెండు దార్లున్నాయి. డాన్స్ ఉన్న పాటకు ట్రాక్ పెట్టి పెదవి కదపడం, పద్యానికీ మెల్లని పాటకూ గాయకుడు ప్రత్యక్షంగా పాడటం. రెండు గంటలూ పెదవి కదపడమే అయితే షో చచ్చుగా ఉంటుంది. ఒక్క పద్యమైనా నిజంగా పాడించాల్సిందే. పాడేవాడి శ్రుతి డిసెంబరులోనే తేల్చండి. పాత పాట అసలు శ్రుతిలో అందకపోతే అర శ్రుతి, ఒక శ్రుతి దించిన ట్రాక్ చేయించుకోవాలి. ఒకటిన్నర శ్రుతిలో హాయిగా పాడేవాణ్ని మూడులో పాడించి చరణం చివర గొంతు చీలితే, మిగతా షో అంతా అదే గుర్తుంటుంది. పద్యానికి హార్మోనియం ఒక్కటి చాలు. వన్స్ మోర్ వస్తుంది, రావాలి కూడా. అందుకే మొత్తం కార్యక్రమంలో పదిహేను నిమిషాలు దానికని విడిగా పక్కన పెట్టుకోండి.

హక్కుల సంగతి. సౌండ్ రికార్డింగ్ మీద కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1957లో వచ్చిన రికార్డుకు 2017 చివరితో గడువు తీరింది. అంతమాత్రాన పాట పూర్తిగా స్వేచ్ఛ అయిపోదు. సాహిత్యానికీ స్వరానికీ లెక్క వేరు, రాసినవారు, కట్టినవారు పోయాక 60 ఏళ్లు. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు కాబట్టి ఆయన స్వరపరచిన పాటల బాణీలకు 2034 చివరి దాకా రక్షణ ఉంది. సాహిత్య స్వరాలకు రచయితలు, స్వరకర్తల తరఫు సంస్థ ఐపీఆర్‌ఎస్ నుంచి, గడువు తీరని రికార్డులకు ఆ హక్కుదారుల సంస్థ నుంచి లైసెన్సు ముందుగానే తీసుకోండి. పెళ్లి ఊరేగింపుకు ఉన్న మినహాయింపు టికెట్ పెట్టిన షోకు వర్తించదు.

గ్రీన్‌రూమ్ గడియారమే కార్యక్రమ పట్టిక

ఐటెమ్‌ల వరస బాగుందా లేదా అన్నది వేదిక మీద కాదు, తెర వెనక తేలుతుంది. సాంఘిక గెటప్ నుంచి కృష్ణుడిగా మారడానికి ఎంత పడుతుందో చూడండి. ముఖం కడిగి ఆరడానికి 10 నిమిషాలు, ఒంటి రంగుకు 20, ముఖానికి 25, బట్టలూ నగలకు 15, కిరీటం, మైకుకు 5. మొత్తం 75. అదే కృష్ణుడు మళ్లీ సాంఘికానికి రావాలంటే నీలం పూర్తిగా వదలదు, చెవుల వెనక, మెడ మడతల్లో మిగిలి తెల్ల చొక్కా పాడవుతుంది. కాబట్టి ఒకే మనిషి రెండు గెటప్‌లు వేస్తే సాంఘికం ముందు, పౌరాణికం ఆఖరు. వేషం ఎక్కించవచ్చు గానీ దించి మళ్లీ ఎక్కించలేం.

సాయంత్రం 6.30కి మొదలుపెట్టే షోకి పనికొచ్చే వరస ఇది. హరిదాసు వేదిక మీద కాకుండా జనం మధ్యలోంచి, తల మీద అక్షయపాత్రతో, చిడతలతో నడిచి రావాలి. ఐదు నిమిషాల్లో గోల దానంతటదే సద్దుమణుగుతుంది. 6.35కి గాయకుడి పద్యం. 6.45కి ఎన్టీఆర్ సాంఘిక పాట, అది ముగిసిన క్షణం నుంచి అతని 75 నిమిషాల లెక్క మొదలు. 6.50కి రేలంగి, రమణారెడ్డి జంట, 7.00కి ఏఎన్నార్ పాట, 7.05కి సూర్యకాంతం స్కిట్, 7.20కి సావిత్రి పాట, 7.30కి మిమిక్రీ. 7.40కి ఇంటర్వెల్, పదిహేను నిమిషాలు. ఎక్కువ ఇస్తే చంటిపిల్లలున్నవాళ్లు ఇంటికి వెళ్లిపోతారు. 7.55కి ఆడ గొంతు పాట, 8.00కి ఏఎన్నార్ రెండోసారి, 8.10కి ఎస్వీఆర్ అల్లుడి స్కిట్. 8.25కి ఆ అల్లుడి ఇంట్లోకే రేలంగి చుట్టంగా దిగితే మొదటి సగంలో నవ్విన జోకు మళ్లీ కొత్తగా పేలుతుంది. 8.40కి కృష్ణుడు. వన్స్ మోర్‌లతో కలిపి 9.15కి అందరూ వేదిక మీద.

ఈ లెక్కన కృష్ణుడికి 8.05కే వేషం పూర్తవుతుంది, ప్రవేశం 8.40కి. ఆ ముప్పై ఐదు నిమిషాలు వృథా అనిపిస్తుంది. కానీ మీసం ఊడటం, నాడా తెగడం, కరెంటు పోవడం అన్నీ ఆ ముప్పై ఐదులోనే సర్దుకుంటాయి. కృష్ణుడు కూర్చోవడానికి వీపు లేని స్టూలు వేయండి, కుర్చీ వీపుకు భుజకీర్తులు తగిలి విరుగుతాయి.

పద్యాలూ స్కిట్‌లూ ఎన్ని మారినా ఒక నియమం మార్చకండి: వరసగా రెండు ఐటెమ్‌లు ట్రాక్ పాటలు ఉండకూడదు.

రంగు, మీసం, కిరీటం

గుంటూరు, తెనాలి, విజయవాడల్లో పౌరాణిక నాటకాలకు దుస్తులు అద్దెకిచ్చే డ్రెస్ కంపెనీలున్నాయి. సంక్రాంతికి ఊరూరా నాటకాలుంటాయి కాబట్టి డిసెంబరు మొదట్లోనే కొలతలిచ్చి అడ్వాన్సు కట్టండి. తీసుకునేటప్పుడు ఊరికే చూడటం కాదు, తొడిగి, చేతులు పైకెత్తి, ఒకసారి వంగి చూడాలి. భుజకీర్తులు పిన్నీసులతో పెట్టి ఉంటే చెయ్యి ఎత్తగానే ఊడతాయి, నాలుగు చోట్ల దారంతో కుట్టించండి. కిరీటం లోపల నుదుటి దగ్గర అరంగుళం స్పాంజి అంటించి, వెనక రెండు చోట్ల నాడా కట్టాలి. ఒక్క నాడాతో కట్టిన కిరీటం తల తిప్పినప్పుడు ఆలస్యంగా తిరుగుతుంది, దూరం నుంచి అది చాలా ఇబ్బందిగా కనిపిస్తుంది.

పాతకాలం నాటకాల్లో అర్దళం, ముర్దాశంగం ముఖానికి వాడేవారు. ఒకటి పాషాణం జాతి, రెండోది సీసం. ఇప్పటికీ ఎవరైనా తెస్తే ససేమిరా వద్దనండి. మంచి పాన్‌స్టిక్, దాని మీద పౌడరు చాలు. నీలానికి నీటితో పోయే బాడీ కలర్ ఒక మనిషి చేతులు, మెడ, ఛాతీకి 60 నుంచి 80 గ్రాములు పడుతుంది. లేతగా రెండు పూతలు వేయాలి. ఒకే మందపు పూత వేస్తే మోచేతి దగ్గర పగుళ్లిస్తుంది.

మీసం జాలీ మీద అల్లినదే తెప్పించండి. పైపెదవిని స్పిరిట్‌తో తుడిచి, నూనె పోయాక స్పిరిట్ గమ్ సన్నగా రాసి, జిగురు పట్టేదాకా నిమిషం ఆగి, అప్పుడు మీసం పెట్టి తడిగుడ్డతో అర నిమిషం అదమాలి. ఆగకుండా పచ్చిగా ఉండగానే అంటించడమే వేదిక మీద మీసాలు ఊడటానికి అసలు కారణం. గమ్ పడని చర్మాలుంటాయి, ముందురోజే చెవి వెనక చుక్క రాసి దద్దురు వస్తుందేమో చూడండి.

మేకప్ చూడాల్సింది గ్రీన్‌రూమ్ బల్బు కింద కాదు, వేదిక దీపాల కింద. పసుపు, కాషాయం దీపాల్లో నీలం శరీరం బూడిదరంగుకు తిరుగుతుంది. రంగులు మారే చవక ఎల్‌ఈడీలు ముఖాన్ని పచ్చగా చూపిస్తాయి. ముందు నుంచి వార్మ్ వైట్ పార్ దీపాలు ఎనిమిది, వెనక నుంచి నాలుగు అడగండి. కృష్ణుడి ప్రవేశానికి మాత్రం ముందు దీపాలు మామూలు తెలుపుకు మారాలి. పాత తారలు చాలామందికి నలుపు తెలుపుల్లోనే గుర్తు, అందుకే సాంఘిక పాటల్లో తెల్ల పంచె, నల్ల కోటు, తెల్ల దీపం అన్న కలయిక మిగతా రంగులన్నిటి కన్నా బాగా పండుతుంది.

వేదిక, మైకు, మంచు

హాలు అయితే విజయవాడలో తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం, గుంటూరులో శ్రీవేంకటేశ్వర విజ్ఞాన మందిరం లాంటివి ఈ షోకి చక్కగా సరిపోతాయి. పండగ తేదీలకు చాలా ముందే అడగాలి. కాలనీ మైదానమైతే వేదిక 30 అడుగులు పొడవు, 20 వెడల్పు, 4 ఎత్తు. వెనకే తలుపున్న గ్రీన్‌రూమ్, రెండు నిలువుటద్దాలు, ఆడవాళ్లకు వేరే గది.

జనవరిలో కృష్ణా తీరాన ఎనిమిది దాటాక మంచు దిగుతుంది. వేదిక మీద ఫ్లెక్సీ పరిస్తే అది తడిసి జారుడుబండ అవుతుంది, ఏఎన్నార్ డాన్స్ రెండో సగంలోనే ఉంది మరి. తివాచీ పరిచి అంచులు మేకులతో కొట్టించండి. పెద్దల కుర్చీల మీద షామియానా ఉండాలి. దోమల మందు సాయంత్రం నాలుగింటికే కొట్టించండి.

మైక్‌సెట్ వాళ్లకు డీజే కాదు, నాటకం అని స్పష్టంగా చెప్పాలి. బేస్ బాక్సులు మోగితే ఎస్వీఆర్ గొణుగుడు ఒక్క ముక్క వినపడదు. మాటల మైకులన్నిటికీ లో కట్ (కింది మోతను తీసేసే స్విచ్) వేయించండి. హెడ్‌సెట్ మైకు కృష్ణుడి కర్ణపత్రాలకు రాసుకుని కరకరలాడుతుంది. తీగను చెంప మీద మెడికల్ టేపుతో రెండు చోట్ల అతికించి, నగలు తర్వాత పెట్టాలి. పద్యానికి చేతి మైకు మేలు. కార్డ్‌లెస్ మైకులకు ఇంటర్వెల్‌లో కొత్త బ్యాటరీలు వేయండి, అవి బాగున్నాయన్నా సరే.

ట్రాకులు ఫోన్లోంచి పెట్టకండి, పాట మధ్యలో ఫోన్ మోగుతుంది. నెట్‌లోంచి అసలే వద్దు. వరస నంబర్లు వేసిన ఫైళ్లు ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి ఉండాలి. ఎల్‌ఈడీ తెర మీద కళాకారుడి వెనక అసలు సినిమా క్లిప్ వేయడం పెద్ద తప్పు. జనం బొమ్మనే చూస్తారు, మనిషిని చూడరు. ప్రవేశానికి ముందు పది సెకన్లు నటుడి పేరు, పుట్టిన ఊరు చాలు: నిమ్మకూరు, నూజివీడు, చిర్రావూరు.

కరెంటు లెక్క దాదాపు 12 నుంచి 14 కిలోవాట్లు వస్తుంది, 25 కేవీఏ జనరేటర్ సరిపోతుంది. వేదికకు వంద అడుగుల దూరంలో పెట్టండి. సప్లై మారే క్షణంలో డిజిటల్ మిక్సర్ ఆగి మళ్లీ మొదలయ్యేసరికి నిమిషం పోతుంది, మిక్సరుకూ ల్యాప్‌టాప్‌కూ యూపీఎస్ పెట్టించండి. మంచులో తడిసే తీగలకు 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) లేకుండా దీపాలు వెలిగించనివ్వకండి.

అనుమతులు: లౌడ్‌స్పీకర్లకు పోలీసులది, షామియానాకు అగ్నిమాపక శాఖది, తాత్కాలిక కరెంటు కనెక్షన్‌కు విద్యుత్ సంస్థ ఏపీసీపీడీసీఎల్‌ది. ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు కుదరవని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పట్టిక 9.15కి ముగిసేలా వేసింది అందుకే. ఆస్పత్రికి, బడికి వంద మీటర్ల లోపు మైదానమైతే వేరే చోటు చూసుకోండి.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి

కనుమ భోజనం గారెలు, నాటుకోడి పులుసు. కళాకారులు తినకుండా ఉండరు, ఉండమనడం న్యాయం కూడా కాదు. ఒంటిగంటకల్లా సగం కడుపుకు ముగించమనండి, ఐదింటికి ఇడ్లీ పెట్టించండి. గ్రీన్‌రూమ్‌లో కూల్‌డ్రింకులు ఉండకూడదు, గోరువెచ్చని నీళ్ల ఫ్లాస్కులు రెండు ఉంచండి. కృష్ణుడు తాగడానికి స్ట్రాలు మర్చిపోవద్దు, గ్లాసు అంచుకు పెదవి రంగు పోతుంది. పట్టిక అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి అద్దం పక్కన తగిలించి, గడియారం చూసి పేర్లు పిలిచే పని ఒక్కరికే అప్పగించండి. ఆ మనిషి వేదిక వైపు చూడకూడదు.

షో అయ్యాక అందరి వేషాలూ వెంటనే విప్పించకండి. పెద్దవాళ్లు మెట్ల దగ్గరికి వస్తారు, కృష్ణుడి చెయ్యి పట్టుకుని ఏ ఊళ్లో, ఏ టూరింగ్ టాకీస్‌లో మొదటిసారి చూశారో చెబుతారు, మనవళ్లతో ఫోటో దిగుతారు. వేదిక పక్కన ఒక తెల్లదీపం, రెండు కుర్చీలు వేసి ఇరవై నిమిషాలు అలాగే ఉంచండి. రంగు తీయడం ఆ తర్వాతే. ముందు కొబ్బరినూనె పట్టించి మెత్తటి గుడ్డతో, తర్వాత సబ్బుతో. మీసాన్ని లాగకుండా అంచున నూనె చుక్కలు వేసి రెండు నిమిషాలు ఆగితే దానంతటదే వదులుతుంది. జాలీకి అంటిన గమ్ ఆ రాత్రే స్పిరిట్‌తో తుడిచి, కిరీటం రాళ్లు లెక్కపెట్టి, పట్టుబట్టలు మంచు తగలని చోట ఆరేసి, మర్నాడు డ్రెస్ కంపెనీకి జాబితాతో అప్పగించండి.